మీకు తెలుసా? మంచులో నడక మాయలు!

కాస్త ఇటు జరగండి, ఓ రహస్యం చెబుతా! గడ్డకట్టిన మంచు ఎప్పుడు ఎక్కువ జారుతుంది? "చలి బాగా ముదిరినప్పుడు" అన్నారా? కానే కాదు! ఆమ్‌స్టర్‌డామ్‌లో శాస్త్రవేత్తలు ఐసు మీద ఉక్కును జార్చి మరీ కొలిచారు. మైనస్ 7 డిగ్రీల దగ్గర అది సర్రున దూసుకుపోయింది! ఇంకా చల్లబరిచారు. పట్టు పెరిగింది! మరీ మరీ చల్లబరిచారు. ఐసు జారడమే మానేసింది! స్కేటింగ్ రింకుల వాళ్లకు ఈ సంగతి అనుభవం మీద ముందే తెలుసు!

బూట్లేసుకుని నడిచే మనకు గండం ఇంకాస్త పైన ఉంది. సరిగ్గా 0 డిగ్రీల దగ్గర! మధ్యాహ్నం ఎండకు మంచు కాస్త కరుగుతుంది. ఐసు మీద పల్చటి నీటి పొర చేరుతుంది. దాని మీద అడుగేశారా, అంతే సంగతులు! సాయంత్రానికి ఆ నీళ్లు మళ్లీ గడ్డకడతాయి, ఈసారి మరింత నున్నగా! "ఇవాళ చలి తగ్గింది, అలా నడిచొద్దాం" అని సరదా పడ్డ రోజే నడుం పట్టుకుని కూర్చునే రోజు!

మరి ఎముకలు కొరికే చలి ఉన్న ఊళ్లో? రష్యాలో యాకుత్స్క్ అని ఓ నగరం ఉంది. అక్కడ నడి చలికాలంలో మంచు బూటు కింద కరకరలాడుతుంది. జారుడు తక్కువే! కానీ తిప్పలు వేరే రూపంలో వస్తాయి. మైనస్ 40 డిగ్రీలు దాటితే జనం ఊపిరి, కార్ల పొగ, చిమ్నీల ఆవిరి గాల్లోనే గడ్డకడతాయి! ఊరంతా ఐసు పొగ! రోడ్డు దాటే మనిషికి కారు కనబడదు, కారుకు మనిషి కనబడడు!

బళ్లో ఏం చెప్పారు? "మన బరువుకు ఐసు కరుగుతుంది, అందుకే జారుతుంది" అని కదా! లెక్క వేసి చూస్తే నవ్వొస్తుంది. మామూలు మనిషి బరువుకు ఐసు కరిగే ఉష్ణోగ్రత తగ్గేది డిగ్రీలో 100వ వంతు కూడా కాదు! మరి జారేదెందుకు? ఐసు పైపొరలోని అణువులు లోపలి వాటిలా కుదురుగా ఉండవు. కాలు పెట్టకముందే అవి కదిలిపోతుంటాయి! నేల ముందే సిద్ధంగా ఉంది, మనమే ఆలస్యం!

ఇక అసలు కిటుకు! మంచులో ఎలా నడవాలి? పెంగ్విన్‌లా! జోక్ కాదండీ. జర్మనీలో ఎముకల డాక్టర్ల సంఘమే ఈ సలహా ఇచ్చింది! మామూలుగా మనం నడిచేటప్పుడు బరువు రెండు కాళ్ల నడుమ ఊగుతుంది. ముందు మడమ ఆనుతుంది, తర్వాత వేళ్లు. ఐసు మీద ఆ మడమే కొంప ముంచుతుంది! పెంగ్విన్ అలా చేయదు. బరువంతా ముందు కాలి మీద వేస్తుంది. అడుగు చిన్నది. పాదం మొత్తం ఒకేసారి నేలకు ఆనుతుంది. మీరూ అంతే! 2 పాదాలనూ కాస్త బయటికి తిప్పండి, మోకాళ్లు కొద్దిగా వంచండి, నెమ్మదిగా కదలండి. చూసేవాళ్లు నవ్వుతారా? నవ్వనివ్వండి, నవ్విన వాళ్లు కూడా కాసేపటికి అలాగే నడుస్తారు!

ఆ పెంగ్విన్ నడక తమాషా ఇంకోటుంది! అటూ ఇటూ ఊగుతూ పోతుంటే పాపం ఎంత అలసిపోతుందో అనిపిస్తుంది కదా! అమెరికా శాస్త్రవేత్తలు కొలిచారు. ఒక ఊపులో ఖర్చయిన శక్తిలో దాదాపు 80 శాతం దాకా తర్వాతి ఊపుకు తిరిగి వాడేసుకుంటుందట! ఈ పొదుపులో మనిషి నడక కూడా దానికన్నా వెనకే! ఆ ఊపే లేకపోతే పొట్టి కాళ్లతో ఇంకా ఎక్కువ అలసిపోయేది.

చేతులు ఎక్కడ పెట్టుకున్నారు? జేబుల్లోనా? తీయండి, తీయండి! ఐసు మీద మనల్ని నిలబెట్టేవి కాళ్లొక్కటే కాదు, చేతులు కూడా! తూలినప్పుడు అవి రెక్కల్లా లేచి బరువు సర్దుతాయి. జేబులో ఇరుక్కుంటే? 1 సెకను కూడా పట్టదు, నేల మీద ఉంటాం! అందుకే చలిదేశాల వాళ్లు మంచి గ్లవ్స్ కొనుక్కోమని పోరుతారు. గ్లవ్స్ వేళ్లకు వెచ్చదనం కోసమే అనుకున్నారా? చేయి జేబులోకి పోకుండా ఉండటానికి కూడా!

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మన పెద్దల మాట. ఆ మాటన్నాయన ఐసు మీద నడిచి ఉండడు! జారినవాళ్లు చటుక్కున అరచేయి నేలకు ఆనిస్తారు. పుటుక్కుమని మణికట్టు విరుగుతుంది! ఇలా విరగడానికి ఓ డాక్టరు పేరే ఉంది, కాలీస్ ఫ్రాక్చర్! డబ్లిన్‌కు చెందిన అబ్రహాం కాలీస్ దీన్ని 1814లో పూసగుచ్చినట్టు వర్ణించాడు. అప్పటికి ఎక్స్‌రే అన్నదే పుట్టలేదు! చేత్తో తడిమి లోపలి ఎముక తీరు చెప్పేశాడు!

ఇప్పుడు అన్నింటికన్నా వింతది! బూట్ల మీద సాక్సులు తొడుక్కుంటే జారరు! అవును, బూట్ల లోపల కాదు, పైన! న్యూజిలాండ్‌లో డునెడిన్ అనే ఊరు నిండా నిటారు వీధులే. అక్కడి పరిశోధకులు ఐసు కట్టిన వాలులో 30 మందిని దించి పరీక్షించారు. బూటు మీద సాక్సు వేసుకున్నవాళ్లకు జారుడు బాగా తగ్గింది! మొహంలో ధైర్యం కూడా పెరిగింది! లోకం పడీపడీ నవ్వింది. 2010లో వాళ్లకు ఫిజిక్సులో ఇగ్ నోబెల్ కూడా ఇచ్చింది. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకే ఆ బహుమతి! ఎవరూ చూడకపోతే నేనైతే సాక్సుకే ఓటేస్తా.

ఖరీదైన మంచు బూట్లు కొంటే సరిపోతుందనుకున్నారా? టొరంటోలో ఓ పరిశోధనశాల ఉంది. అందులో గదికి గదే ఐసు! ఆ గదిని పక్కకు వంచుతారు కూడా! మనుషులకు బూట్లు తొడిగి, పడకుండా పైనుంచి తాడు కట్టి, వాలు పెంచుకుంటూ పోతారు. ఎక్కడ జారితే అక్కడితో ఆట ముగిసింది! మొదటి విడతలో 98 రకాల బూట్లు పెట్టారు. పాసైనవెన్నో తెలుసా? దాదాపు పదింట తొమ్మిది ఫెయిల్! లావుగా, బరువుగా, చూడ్డానికి కొండలెక్కేలా ఉన్నవి కూడా!

పాసు మార్కు ఎంతనుకున్నారు? 7 డిగ్రీల వాలు, అంతే! ఫుట్‌పాత్ నుంచి రోడ్డు మీదికి వీల్‌చైర్ దిగే ర్యాంపు ఉంటుందే, సుమారు ఆపాటి వాలు! దాని మీద నిలబడిన బూటుకు ఓ మంచుపువ్వు గుర్తు ఇస్తారు, మన హోటళ్ల స్టార్ల మాదిరి! జనవరి సెమిస్టరుకు అమెరికా, కెనడా విమానమెక్కే పిల్లలారా, వినండి! ఇక్కడి స్పోర్ట్స్ షూ అక్కడి ఐసు మీద పనికిరాదు. బూటు అడుగున రబ్బరు మెత్తగా ఉందో లేదో నొక్కి చూడండి. చలికి గట్టిపడే రబ్బరు మొదటి రోజే మోసం చేస్తుంది!

స్వీడన్‌లో పెద్దవాళ్లకు ఓ కానుక ఉంది, తెలుసా? చాలా ఊళ్లలో 65 ఏళ్లు దాటినవాళ్లకు పురపాలక సంఘాలే ఇనుప ముళ్ల పట్టీలు ఉచితంగా ఇస్తాయి! రబ్బరు పట్టీ, దాని అడుగున ముళ్లు. బూటు మీదికి లాగి తొడుక్కోవడమే! ఒక తుంటి ఆపరేషన్ ఖర్చుతో ఇలాంటివి ఎన్నో జతలు కొనొచ్చు! ఒక్క జాగ్రత్త! షాపింగ్ మాల్‌లోకి అడుగుపెట్టే ముందు వాటిని విప్పాలి. ఐసు మీద పట్టునిచ్చే ముళ్లే నున్నటి టైల్స్ మీద జర్రున జారుస్తాయి!

కంటికి కనబడని ఐసు కూడా ఉంది! దాన్ని బ్లాక్ ఐస్ అంటారు. నిజానికి దానికి రంగే లేదు! పల్చగా, పారదర్శకంగా రోడ్డుకు అతుక్కుంటుంది. కింది తారు నలుపే మనకు కనబడుతుంది. తడి నేల అనుకుని అడుగేస్తాం, ఢమాల్! ఇది ముందు ఎక్కడ పుడుతుందో పసిగట్టొచ్చు. వంతెన మీద! మామూలు రోడ్డుకు చలి పైనుంచే. వంతెనకు పైనా కిందా, 2 వైపులా చల్లగాలే! నేల వెచ్చదనం దానికి అందదు!

వాన పడుతూ పడుతూ నేల తాకగానే ఐసైపోతే? అలా కూడా జరుగుతుంది! చినుకు నీరుగానే ఉంటుంది, కానీ సున్నా కంటే చల్లగా! దేన్ని తాకితే దాని మీద గడ్డకడుతుంది. కొమ్మ, తీగ, మెట్టు, ఫుట్‌పాత్, అన్నీ ఐసు తొడుగే! కెనడాలో మాంట్రియల్ చుట్టుపక్కల 1998 జనవరిలో రోజుల తరబడి ఇదే వాన కురిసింది. భారీ కరెంటు టవర్లే కూలిపోయాయి! ఇక మనిషి కాళ్లెంత?

ఐసు మీద ఉప్పు చల్లుతారని తెలుసు కదా! కానీ ఉప్పుకూ ఓ హద్దుంది! ఎంత ఉప్పు పోసినా మైనస్ 21 డిగ్రీల కింద పని చేయదు! అసలు అంత దాకా కూడా పోదు. మైనస్ 9, 10 దగ్గరే దాని బలం జావగారిపోతుంది. అప్పుడు ఇసుక చల్లుతారు. ఇసుక ఐసును కరిగించదు, బూటుకు పట్టునిస్తుంది అంతే! ఫుట్‌పాత్ మీద తెల్లటి రవ్వలు కనబడినంత మాత్రాన నిశ్చింతగా అడుగేయకండి. థర్మామీటర్ కూడా ఓసారి చూడండి!

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం జున్నుకు పేరు. మరి జున్ను తయారయ్యాక మిగిలే ఉప్పునీటిని ఏం చేయాలి? రోడ్డు మీద పోద్దామన్నారు! మిల్వాకీ నగరం 2013లో ఆ ప్రయోగం మొదలుపెట్టింది! ఉత్త ఉప్పు టపటపా ఎగిరిపోతుంది. జున్ను నీటిలో తడిస్తే రోడ్డుకు అతుక్కుంటుంది. ఐసు కరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది! వాసన మాత్రం... కాస్త జున్ను దుకాణమే!

జపాన్‌లో సప్పోరో నగరానికి వెళ్దాం పదండి! అక్కడ ఏటా కురిసే మంచును పేర్చితే దాదాపు 5 మీటర్లు! పైగా అది పల్లెటూరు కాదు, మహానగరం! కూడళ్ల దగ్గర చిన్న పెట్టెలు కనబడతాయి. తెరిస్తే లోపల ఇసుక, గులకరవ్వల పొట్లాలు! ఎవరి కోసం? మీ కోసమే! ముందు దారి జారుడుగా ఉందనిపిస్తే పొట్లం తీసుకోండి, చింపండి, చల్లుకుంటూ నడవండి! మీ వెనక వచ్చేవాళ్లకూ పుణ్యం!

ఆ సప్పోరోలో ఓ విడ్డూరం జరిగింది! ఒకప్పుడు కార్ల టైర్లకు ఇనుప మేకులుండేవి. అవి రోడ్డును గీరి దుమ్ము లేపుతున్నాయని జపాన్ 1990లో చట్టం తెచ్చింది. మేకులు పోయాయి, గాలి బాగుపడింది. శభాష్! కానీ మేకులు లేని టైర్లు ఏం చేశాయి? కూడళ్లలో ఆగుతూ కదులుతూ మంచును తళతళా పాలిష్ పట్టేశాయి! జీబ్రా గీతల మీద జనం జర్రున జారడం మొదలైంది! ఊపిరితిత్తులకు మేలు చేసిన చట్టం నడుములకు ఎసరు పెట్టింది!

జపాన్‌లోనే నాగావోకా అనే ఊరికి ఇంకో ఉపాయం తట్టింది. రోడ్డు నడుమ చిల్లుల గొట్టాలు! అందులోంచి భూగర్భ జలం చిమ్ముతుంది! బయట గడ్డకట్టే చలి, బోరు నీళ్లు మాత్రం 13 డిగ్రీల దాకా ఉంటాయి. మంచు పడ్డది పడ్డట్టే కరిగిపోతుంది! నీళ్లలోని ఇనుముకు ఆ ఊరి రోడ్లన్నీ తుప్పురంగు తేలాయి. నడిచేవాళ్లకు జారుడు లేదు, కానీ మోకాళ్ల దాకా బూట్లుండాలి. కారు పోయిందంటే చిందులే చిందులు!

మరి గొట్టాలూ మోటార్లూ లేని కాలంలో? జపాన్ మంచు పల్లెల వాళ్లు ఇంటి చూరునే వీధి వైపు పొడిగించారు! సొంత జాగాలో, సొంత ఖర్చుతో! ఎవరి ఇంటి ముందు వాళ్లు. అన్నీ కలిసి ఊరి పొడవునా నీడబాట! తకాదా అనే ఊళ్లో ఇప్పటికీ అలాంటి చూరుబాటలు మొత్తం 16 కిలోమీటర్ల దాకా ఉన్నాయి! రోడ్డు మీద మనిషెత్తు మంచు కురిసినా, చూరు కింద నడిచి అంగడికి పోయి రావచ్చు. వీధి అరుగుల మీద బాటసారులను కూర్చోబెట్టిన మనకు ఈ మర్యాద బాగానే అర్థమవుతుంది.

ఐస్‌లాండ్ వాళ్లది అసలు రాజభోగం! రెక్యావిక్‌లో భూమి లోపలి వేడినీళ్లు ఇళ్లను వెచ్చబెడతాయి. వాడేసిన నీరు ఇంకా 35 డిగ్రీల వేడితో ఉంటుంది. పారబోయడం ఎందుకు? ఫుట్‌పాత్ కింద గొట్టాల్లో పంపుతారు! మంచు పడుతుంది, నేల తాకుతుంది, మాయం! ఊరి నడిబొడ్డున పారకు పనే లేదు!

చలిలో నడవకుండానే నడవాలంటే? టొరంటో నేల కింద దారులున్నాయి! 30 కిలోమీటర్లకు పైగా! దుకాణాలు, ఆఫీసులు, మెట్రో స్టేషన్లు అన్నీ కలుపుతూ పోతాయి. పైన తుపాను, కింద చొక్కాతో షికారు! అక్కడ మన తెలుగు కుర్రాళ్లు మొదటి చలికాలంలో దారి తప్పేది కూడా ఇక్కడేనట!

కాల్గరీ నగరం తిరగేసి ఆలోచించింది. కింద కాదు, పైన! మేడ నుంచి మేడకు గాజు వంతెనలు కట్టింది. నేలకు 15 అడుగుల ఎత్తున! ఆ వంతెనల పేరేంటో తెలుసా? ప్లస్ ఫిఫ్టీన్! ఎత్తే పేరైపోయింది! రోడ్డు దాటాలంటే రోడ్డు మీదికి దిగక్కర్లేదు!

మంచు కురిసిందంటే ముందు ఏం ఊడుస్తారు? పెద్ద రోడ్లు. అంతా అలాగే చేస్తారు. స్వీడన్‌లో కార్ల్‌స్కోగా అనే చిన్న ఊరు ఓ ప్రశ్న వేసుకుంది. జారిపడి ఆసుపత్రికి వస్తున్నది ఎవరు? నడిచేవాళ్లే! కార్లలోని వాళ్ల కంటే 3 రెట్లు! అందులోనూ ఆడవాళ్లే ఎక్కువ! అంతే, వరస తిప్పేశారు. ముందు ఫుట్‌పాత్, బడి దారి, బస్టాపు. ఆ తర్వాతే పెద్ద రోడ్డు! నాలుగంగుళాల మంచులో కారు పోగలదు, పసిపిల్ల బండి తోసే తల్లి పోలేదు కదా! ఇంత తేలిక సంగతి అందరికీ ఎందుకు తట్టలేదో!

న్యూయార్క్‌లో ఇల్లు కొన్నారా? శుభం! అయితే ఇంటి ముందు ఫుట్‌పాత్ మీదే! పగలు మంచు ఆగిన 4 గంటల్లో ఊడ్చేయాలి. లేదంటే జరిమానా! "ఆ ఫుట్‌పాత్ నాది కాదు, ఊరిది" అంటే కుదరదు! అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన నాన్నగార్లు పార పట్టుకుని ఫొటోలు పంపేది ఊరికే కాదు మరి!

వాతావరణ సూచన వింటారు కదా! వాన, ఎండ, గాలి. ఫిన్లాండ్‌లో ఇంకోటి ఉంది, పాదచారుల వాతావరణం! ఇవాళ ఫుట్‌పాత్ ఎంత జారుతుందో వాతావరణ శాఖే చెబుతుంది! 3 మెట్లు. మామూలు, జారుడు, బాగా జారుడు! బాగా జారుడంటే ఏమిటో తెలుసా? ఐసు మీద కొత్తమంచు, లేదా ఐసు మీద నీళ్లు! పైకి మెత్తటి తెల్లటి పొర, అడుగున ఉచ్చు!

మంచులో కారు సడన్ బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది? బ్రిటన్ రహదారి నియమావళి చెబుతుంది, వినండి. పొడి రోడ్డు మీద కంటే 10 రెట్లు దూరం దాకా పట్టొచ్చు! పచ్చ మనిషి బొమ్మ వెలిగింది, కారు నెమ్మదిస్తోంది అని దిగకండి! అది నెమ్మదించడం లేదు, జారుతోంది! చక్రాలు ఆగాయో లేదో కాదు, కారు ఆగిందో లేదో చూడండి!

కొత్తమంచు చప్పుడును మింగేస్తుందని తెలుసా? రేకుల నడుమ గాలి గదులుంటాయి, శబ్దం వాటిలో ఇరుక్కుపోతుంది! దానికి తోడు కరెంటు కారొస్తే? అసలే నిశ్శబ్దం! అందుకే ఐరోపాలో కొత్త కరెంటు కార్లు 20 కిలోమీటర్ల వేగం దాకా కావాలనే కృత్రిమంగా చప్పుడు చేయాలి! చట్టమండీ! చెవుల మీదికి ఉన్ని టోపీ లాక్కుని, లోపల పాటలు పెట్టుకుంటే ఆ చట్టం కూడా ఏం చేయలేదు!

కరెంటు పొదుపు కూడా ప్రాణం మీదికి తెచ్చింది! పాత సిగ్నల్ బల్బు వేడికి దాని మీది మంచు కరిగిపోయేది. ఎల్‌ఈడీ వచ్చింది. దాదాపు 80 శాతం కరెంటు ఆదా! కానీ వేడేదీ? మంచు కప్పేసింది, ఎరుపో పచ్చో తెలియదు! జపాన్ మంచు ప్రాంతాల్లో సిగ్నళ్లు నిలువుగా ఉండేది కూడా మంచు వల్లే. అడ్డంగా పెడితే పైన మంచు పేరుకుంటుంది!

ఐసు లేని మన ఊళ్లకు వద్దాం! ఇక్కడి చలికాలపు శత్రువు చీకటి! ముదురురంగు బట్టలేసుకున్న మనిషి రాత్రిపూట డ్రైవరుకు ఎంత దూరంలో కనబడతాడో తెలుసా? సుమారు 17 మీటర్లు! 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ దూరం ఒక్క సెకనులో దాటేస్తుంది! డ్రైవరు కాలు బ్రేకు మీదికి చేరేలోపే!

ఇప్పుడు గుర్తు చేసుకోండి. మన దగ్గర తెల్లవారుజామున నల్లబట్టలతో, చెప్పులు కూడా లేకుండా నడిచేదెవరు? అయ్యప్ప స్వాములు! 41 రోజుల దీక్ష, అదీ సరిగ్గా చలికాలంలో! చన్నీటి స్నానం చేసి, చీకట్లోనే గుడికి! స్వాములూ, దీక్ష నియమానికి ఏ భంగమూ లేని చిట్కా ఒకటుంది. భుజాన తెల్ల తువ్వాలు! తెలుపు ముదురురంగు కన్నా మూడింతల దూరం నుంచి కనబడుతుంది! పాదయాత్రగా పోయే బృందమైతే ముందొకరు, వెనకొకరు టార్చి పట్టుకోండి!

ధనుర్మాసం ముగ్గుల సంగతో! తెల్లారకముందే వాకిట్లో, అంటే సగం రోడ్డు మీద, కూర్చుని చుక్కలు పెడతారు. వీపు బండ్ల వైపు! 36 కిలోమీటర్ల నిదానం వేగంతో వచ్చే బైకు కూడా సెకనుకు 10 మీటర్లు నడుస్తుంది! పొగమంచులో వంగి కూర్చున్న మనిషి కళ్లబడేసరికే ఆ పదీ అయిపోతాయి. అమ్మా, మొహం బండ్లొచ్చే వైపు తిప్పుకుని కూర్చోండి! పక్కన ఓ ఎర్ర బకెట్ అడ్డం పెట్టండి! ముగ్గు వంకర పోయినా పర్లేదు.

పొగమంచుకూ లెక్కలున్నాయి! చూపు 1000 మీటర్ల లోపుకు తగ్గితేనే వాతావరణ శాస్త్రంలో అది పొగమంచు! ఢిల్లీలో ఉండే మనవాళ్లను అడగండి, ముందున్న మనిషి వీపు కనబడని పొద్దులు చూసే ఉంటారు. అక్కడ ఇంకో వింత! హైబీమ్ వేస్తే ఎక్కువ కనబడుతుందనుకుంటారు డ్రైవర్లు. వెలుగు నీటిబిందువులకు తగిలి వాళ్ల కళ్లలోకే తిరిగొస్తుంది! దీపం పెరిగే కొద్దీ చూపు తగ్గుతుంది!

మన దేశంలో 2022లో రోడ్డు మీద ప్రాణాలు పోగొట్టుకున్న పాదచారులు ఎంతమంది? 32,825! రోజుకు తొంభై మంది! కేంద్ర రవాణా శాఖ లెక్క ఇది. ఆశ్చర్యార్థకం పెట్టడానికి చేయి రావట్లేదు.

రోడ్డుకు ఏ వైపు నడుస్తారు? "ఎడమ వైపు, బడిలో చెప్పారు" అంటారా? అది బండ్లకు! ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద మనిషి ఎదురొచ్చే బండ్లకు ముఖం పెట్టి నడవాలి. మన దేశంలో అయితే కుడి పక్కన! ఫిన్లాండ్ పరిశోధకులు లెక్కతీశారు. అలా నడిస్తే పాదచారుల ప్రమాదాలు సగటున 77 శాతం తక్కువ! పైసా ఖర్చు లేదు, వైపు మారితే చాలు!

వెలుగున్న గదిలోంచి చీకట్లోకి అడుగు పెట్టారా? కళ్లు పూర్తిగా చీకటికి అలవాటు పడటానికి అరగంట, అంటే 30 నిమిషాల దాకా పడుతుంది! మధ్యలో ఓసారి ఫోన్ చూశారో, కథ మళ్లీ మొదటికి! గుంట కనబడదు, ఐసు కనబడదు, కుక్క కనబడదు!

ఫిన్లాండ్‌లో కోటు జేబుకు చిన్న ప్లాస్టిక్ బిళ్ల వేలాడుతుంటుంది. అలంకారం కాదు, రిఫ్లెక్టర్! మామూలు హెడ్‌లైట్ వెలుగులో 50 మీటర్ల దాకా వస్తేగానీ కనబడని మనిషి, ఈ బిళ్లతో 150 మీటర్ల నుంచే మెరుస్తాడు! అక్కడ చీకట్లో నడిచేవాళ్లకు ఇది చట్టం! మొదట తయారు చేసింది గుర్రపు బండ్ల కోసమట! ఆర్వి లెహ్తి అనే ఫిన్నిష్ ఆసామి బుర్రలో పుట్టిన ఆలోచన మనుషుల జేబులకు ఎక్కింది!

ఈ బిళ్లకు చుట్టాలు చంద్రుడి మీద ఉన్నారు! నిజం! అపోలో 11 వెళ్లినప్పుడు వ్యోమగాములు అక్కడ 100 గాజు ముక్కలున్న ఓ పలక పెట్టి వచ్చారు. ఏ దిక్కు నుంచి వెలుగు వస్తే ఆ దిక్కుకే తిప్పి పంపడం దాని పని. అచ్చం ఆ కోటు బిళ్ల పనే! ఇక్కడి నుంచి లేజర్ కొడితే అక్కడి నుంచి తిరిగొస్తుంది, ఇప్పటికీ! పావలా ప్లాస్టిక్‌కు ఎంత గొప్ప బంధుత్వమో చూడండి!

ఆ బిళ్ల ఎక్కడ కట్టుకోవాలి? ఛాతీ మీదా? ఆగండి! స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ జొహాన్సన్ 1973లో ఓ తమాషా చూపించాడు. చీకట్లో మనుషుల కీళ్లకు మాత్రం వెలుగు చుక్కలు పెట్టి నడిపించాడు. చూసినవాళ్లు క్షణంలో "మనిషి నడుస్తున్నాడు" అనేశారు! ఒంటి మీద ఒకచోట మెరిస్తే డ్రైవరు దాన్ని మైలురాయి అనుకోవచ్చు. చీలమండల దగ్గర, మణికట్ల దగ్గర ఊగితే మనిషే! కాబట్టి పట్టీ కాలికి కట్టండి!

హెల్సింకిలో నడి డిసెంబరులో పగలు ఆరు గంటలైనా ఉండదు. ఐసు, చీకటి, మంచు, అన్నీ అక్కడే! అయితే వీధుల్లో కార్ల వేగం తగ్గించారు, చాలాచోట్ల గంటకు 30 కిలోమీటర్లే! ఆరు లక్షలకు పైగా జనమున్న ఆ రాజధానిలో 2019 మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు ఎంతమందో ఊహించండి! పదా? అయిదా? ఒకరా? 0!